సిస్టర్ల అంగీల మీది రాళ్లు

సహోదరులారా, నేను పాట పాడేటోన్ని కాదు, వాక్యం చెప్పేటోన్ని కాదు, అల్ ఘర్రాఫాల అరబ్బు ఆడోళ్లు పైన తొడిగే నల్ల అబాయాలు కుట్టే దర్జీని, నా రెండు చేతులు మీకు చూపెడ్దామని ఇక్కడ నిలబడ్డ. మూడేండ్ల కింద ఈ చేతులు సూదిల దారం ఎక్కియ్యలేకపోయేటివి. మా కూలోళ్ల క్యాంపుల దొంగచాటుగ దొరికే సారాకు మరిగిన, పొద్దుగాల ఒక గుక్క పడకుంటే వేళ్లు వణికేటివి, ఒకనాడు పెండ్లిపిల్ల అబాయాను అడ్డదిడ్డంగ కత్తిరించిన. మా కటింగ్ మాస్టర్ ఖాదర్ భాయ్ తిట్టలేదు, నన్ను మెషిన్ మీదికెళ్లి లేపి ఇస్త్రీ బల్ల కాడ నిలబెట్టిండు. ఇరవై ఏండ్ల పనోన్ని, ఎంత సిగ్గు!

గిట్లున్నప్పుడే మన సంఘం మార్తమ్మక్క, ఇండ్లల్ల పనిచేసే మార్తమ్మక్కనే, ఒక ఒపెరా కట్టింది. అందుల మాటలుండవు, అంతా పాటనే. ఎన్కట ఫ్రాన్సు దేశంల విప్లవమొచ్చి, కొత్త సర్కారు మఠంల సిస్టర్లను ముసుగులు తీసేసి ఇండ్లకు పొమ్మంటే, పానం పోయినా తియ్యనే తియ్యమని ఎదురు నిలిచిన ఎనిమిదిమంది కథ. వేషాలు కట్టింది మన ఆడబిడ్డలే, ఒకామె వంటమనిషి, ఒకామె ఆస్పత్రిల ఊడ్చేది, వారానికి ఒక్క శుక్రవారమే సెలవు కాబట్టి మిగిలిన దినాలు అంట్లు తోముకుంట ఫోన్లల్ల పాట నేర్చుకున్నరు.

అక్క ఎనిమిది అంగీలకు నల్ల బట్ట తానొకటి తెచ్చి నా చేతుల పెట్టింది. "అక్కా, నా చేతులు చూసినవా" అంటే, "చూసే తెచ్చిన తమ్మీ, కుట్టేది నువ్వే" అన్నది. ఆ దినం ఇస్త్రీ బల్ల మీద తలపెట్టి ఏడ్చుకుంట అడిగిన, "ప్రభువా, జన్మంతా బాగుచెయ్యమని అడిగే మొకం నాకు లేదు. ఈ ఎనిమిది అంగీలయ్యేదాక నా చేతులు పట్టుకో, తర్వాత నీ ఇష్టం." ఆనాటి నుంచి సారా ముట్టలేదు. మొదటి వారం జ్వరం, చెమటలు, నరకమే చూసిన. ఖాదర్ భాయ్ నమాజు తప్పని మనిషి, "ఖుదా కా కామ్ హై, దేవుని పని, మధ్యాహ్నం దుకాణం మూసినప్పుడు నా మెషిన్ మీద కుట్టుకో" అని తాళంచెవి ఇచ్చిండు.

ఇగ నా తెలివి ఇనుండ్రి. అబాయాలకు రాళ్లు కుట్టి కుట్టి అలవాటైన చెయ్యి కదా, ఎనిమిది అంగీలకు చేతుల అంచుల పొంటి మెరిసే నల్ల రాళ్లు కుట్టి పెట్టిన! నాటకం దినం పొద్దుగాల అక్క చూసి నవ్విందో ఏడ్చిందో తెల్వదు, "తమ్మీ, వీళ్లు సిస్టర్లా, షేకుల బిడ్డలా" అన్నది. మందిరం మెట్ల మీద కూసోని సూదిమొనతోని ఒక్కొక్క రాయి ఊడదీసుడు మొదలుపెట్టిన. అన్నీ ఆవగింజంత రాళ్లు. ఐదో అంగీ కాడికి వచ్చినంక చూసుకుంటే బట్ట ఎక్కడా చినగలేదు, సూది ఎక్కడా జారలేదు. సహోదరులారా, నా చేతులు వణుకుతలేవు.

పెద్దసిస్టర్ వేషం మార్తమ్మక్కదే. సైనికుని వేషం కట్టిన మన క్రేన్ డ్రైవర్ తమ్ముడు ఊపు మీదుండి, నేను అంగీకి కలిపి కుట్టిన అక్క ముసుగును నిజంగనే గుంజిండు. కుట్టు ఊడలేదు, అక్క పాట ఆగలేదు. జనమంతా లేచి నిలబడ్డరు, అందరు ఆ సిస్టర్ల విశ్వాసం చూసిండ్రు, నేను మాత్రం నా కుట్టు చూసి మురిసిన, ప్రభువు నా గర్వాన్ని మన్నించునుగాక.

ఖాదర్ భాయ్ మల్ల నన్ను మెషిన్ మీద కూసోబెట్టిండు. నేను అడిగింది ఎనిమిది అంగీల దాకనే, అవి అయిపోయి రెండేండ్లు దాటింది, ప్రభువు ఇంకా నా చేతులు ఇడువలేదు. దేవునికే మహిమ. మీల ఎవరికన్న పెద్దది అడిగే మొకం లేకపోతే, నా తీరు చిన్నదే అడగుండ్రి. తొమ్మిదో అంగీ సంగతి ఆయన చూసుకుంటడు.