గొడుగుకి బిగించిన రైఫిల్ లైటు

ఇంకా జర్మనీలోనే ఉన్నాను. పోయిన గురువారం సాయంత్రం అడిగి ఉంటే ఈ మాట ఇంత ధీమాగా చెప్పేదాన్ని కాదు. పర్మనెంట్ రెసిడెన్స్ టెర్మిన్ కోసం, అంటే ఆ ఆఫీసువాళ్ళిచ్చే అపాయింట్‌మెంట్ కోసం, నెలల తరబడి కాచుకుని కూర్చుంటే, తీరా అది దగ్గరపడ్డాక, ఆయుధంతో మనిషిని బెదిరించిన స్త్రీగా పోలీసుల ముందు నిలబడ్డాను. ఆయుధం ఏమిటంటారా? గొడుగు. నవ్వకండి. మొత్తం విన్నాక నవ్వండి.

మేముండేది వోల్ఫ్స్‌బర్గ్ శివారులో. ఆఫీసు బస్సు నన్ను రోడ్డు మీద దింపి వెళ్ళిపోతుంది. అక్కడి నుంచి ఇంటికి ఓ చిన్న అడవిలోంచి కాలిబాట. వేసవిలో హాయిగా ఉంటుంది. నవంబరు వస్తే మాత్రం ఆఫీసు వదిలేసరికే కాటుక లాంటి చీకటి. దీపస్తంభాలున్నాయి గానీ, కరెంటు పొదుపు పేరుతో వాటిని ఆర్పేశారు. అడవిపందులు తిరుగుతాయి జాగ్రత్త అని ఒక బోర్డు పెట్టారు. పందుల గురించి బోర్డు పెడతారు. మగవాళ్ళ గురించి ఏ దేశంలోనూ పెట్టరు.

చీకటి మీద ఆడవాళ్ళకీ హక్కుందని వ్యాసం రాసినదాన్ని నేను. అచ్చయింది, మంచి పేరూ వచ్చింది. ఆ వ్యాసం రాసిన మనిషే ఆ బాటలో తాళంచెవులు వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఆకు రాలితే ఉలిక్కిపడుతూ, దాదాపు పరుగు లాంటి నడక నడుస్తుంది. పత్రికలో ఫొటో మాత్రం గడ్డం ఎత్తి దిగింది లెండి.

ఫోను టార్చితో నెట్టుకొద్దామంటే చేతికి గ్లవ్స్, పైన చినుకులు. ప్లాస్టిక్ టార్చిలు కొన్నాను. కింద పడేశాను. అవి పోయాయి.

"రఘూ, కాస్త గట్టి టార్చి ఒకటి చూసిపెట్టు" అన్నాను మా ఆయనతో. అదే నేను చేసిన మొదటి పొరపాటు. రఘుది వరంగల్. కార్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. చీపురు కొనాలన్నా ప్రపంచంలోని రివ్యూలన్నీ చదివి గాని కొనడు.

"వెలుగు ఎక్కువుంటే చాలదు శారదా, దూరం కొట్టాలె. బాడీ అల్యూమినియం ఉండాలె. లోపలికి నీళ్ళు పోవద్దు. నొక్కంగనే ఒక్కటే మోడ్ రావాలె. పంది ఎదురుంగ నిలబడ్డప్పుడు నీ టార్చి డిస్కో లైటు లెక్క మిణుకుమంటే ఏం జేస్తవ్?"

"ధర?"

"గట్టియి మస్తు పిరం. అగ్గువవి వానకు ఆగవు."

భోజనాలయ్యాక హాల్లోంచి కేక. "దొరికింది! చీప్ అండ్ బెస్ట్! రైఫిల్‌కి బిగించే ఎల్‌ఇడి లైటు!"

"దేనికి బిగించే?"

"రైఫిల్‌కే. తుపాకి పేలితే వెనక్కి గుద్దుతది సూడు, ఆ దెబ్బకే చెక్కుచెదరదంట. ఇగ నీ చేతిల నుంచి కింద పడితే దానికి ఒక లెక్కనా?"

"నేను యుద్ధాలకి వ్యతిరేకం రఘూ."

"నువ్వు వ్యతిరేకమే. టార్చి గాదు గద."

లేచి వెళ్ళి ధర చూశాను. మామూలు టార్చి కంటే చవక. ఆర్డర్ పెట్టేశాడు.

పార్సిల్ వచ్చింది. నల్లటి బొద్దు లైటు, బ్యాటరీ, తుపాకీ గొట్టానికి పట్టించే క్లాంపు, మెలికలు తిరిగిన వైరు చివర నొక్కుడు స్విచ్. ఇక్కడి నుంచి నేరమంతా రఘు మీదకి నెట్టేయాలని ఉంది గానీ, ఆ తర్వాతి తెలివి పూర్తిగా నాదే. క్లాంపు చూడగానే నా పొడవాటి నల్ల గొడుగు కళ్ళ ముందు మెరిసింది. బిగించాను. పిడి పైన ఊచకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. స్విచ్ తెచ్చి పిడికి టేపు వేశాను, చూపుడు వేలి కింద ఉండేట్టు. ఒక చేతిలో బ్యాగు, ఒక చేతిలో గొడుగూ దీపమూ. రఘు మురిసిపోయాడు. "ఇంజనీరింగ్ అంటే గిదీ!"

ఒక్క చిన్న లోపం. గొడుగు తెరిచి పట్టుకుంటే వెలుగంతా గొడుగు కడుపులోకే పోయింది. బాట కనపడదు, నేను మాత్రం ఊరందరికీ కనపడతాను, నడిచే లాంతరులా. బాట కనపడాలంటే గొడుగు మూసి, మొన ముందుకి చాచి, వానలో తడుస్తూ నడవాలి. సరే, తడుద్దాం. ప్రాణం కంటే జుట్టు ఎక్కువా?

గురువారం అలాగే బయల్దేరాను. నల్ల రెయిన్‌కోటు, తల మీద హుడ్డు, పిడి చంకలో, మొన ముందుకి, వేలు స్విచ్ మీద. నేను ఎలా కనపడుతున్నానో నాకు తట్టనే లేదు. భయపడేవాళ్ళకి అద్దంలో భయమే కనపడుతుంది.

బాట మధ్యకి వచ్చేసరికి పొదల్లో అలికిడి. ఆగాను. అదీ ఆగింది. రెండడుగులు వేశాను. అదీ వేసింది. పంది అయితే నేను ఆగితే ఎందుకు ఆగుతుంది? వచ్చే వారం టెర్మిన్, ఫ్రిజ్‌లో నానబోసిన పప్పు, అమ్మకి చెయ్యని ఫోను, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని అటు తిరిగి స్విచ్ నొక్కేశాను.

"నిష్ట్ షీసెన్! బిట్టె!"

కాల్చొద్దు, దయచేసి కాల్చొద్దు అని. కళ్ళు తెరిస్తే తెల్లటి వెలుగులో ఒక పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి వణికిపోతున్నాడు. ఒక చేతిలో కుక్క గొలుసు. గొలుసు చివర పొట్టికాళ్ళ కుక్క.

కాల్చొద్దంటున్నాడంటే ఎవరో కాల్చబోతున్నారన్నమాట! ఆయన చూపు నా వైపే ఉంది. అంటే తుపాకీవాడు నా వెనకే ఉన్నాడు! నేనూ వెంటనే రెండు చేతులూ ఎత్తేశాను. బ్యాగు బురదలో పడింది. గొడుగు ఆకాశానికి లేచింది. వేలు స్విచ్ మీంచి జారి దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో ఇద్దరం ఒకేసారి కెవ్వుమన్నాం. ఆయన అటు, నేను ఇటు పరుగు. బ్యాగు ఎలా ఏరుకున్నానో దేవుడికే తెలియాలి. కుక్క ఒక్కటే మర్యాదగా ప్రవర్తించింది, మొరగలేదు.

ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టి, గొడుగు గోడకి ఆనించి, "అడవిలో తుపాకీవాడు ఉన్నాడు!" అన్నాను. రఘు ముఖం పాలిపోయింది. అవునండీ, మీరు ఊహించిందే. పోలీసులకి ఫోను చేసింది నేనే. అడ్రసు కూడా స్పష్టంగా, స్పెల్లింగుతో సహా చెప్పాను.

కాసేపటికే ఇద్దరు వచ్చారు. ఒకామె, ఒక కుర్రాడు. సాక్షి దొరికింది కదా అని మర్యాదగా నోటుబుక్కు తీశారు. "ఇంకొకాయన కూడా ఫోను చేశారు" అందామె. "నల్ల కోటు. హుడ్డు. పొడవాటి తుపాకీ. దానికి బిగించిన దీపం."

చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు నా వెనక్కి వెళ్ళాయి. కొక్కేనికి నల్ల కోటు, నీళ్ళోడుతూ. పక్కన గోడకి గొడుగు, దానికి దీపం.

కుర్రాడు నోటుబుక్కు మూసి, నాకూ గొడుగుకీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

నన్ను కాపాడటానికి రఘు రంగంలోకి దిగాడు. వద్దురా అనేలోపే ఫోను తీసి, "ఇది మామూలు టార్చి మేడమ్, వేలమంది కొన్నారు, చూడండి" అని ఆ లైటు అమ్మే పేజీ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పైనున్న రివ్యూ గట్టిగా చదివింది. జర్మన్‌లో, ఐదు నక్షత్రాలతో. "నా రైఫిల్‌కి బిగించాను. ఎన్నిసార్లు కాల్చినా వదులవలేదు. నా భార్య కూడా చాలా సంతృప్తిగా ఉంది." కింద రఘు పూర్తి పేరు.

"రైఫిల్ ఎక్కడుంది?" అందామె. గొంతు మారిపోయింది.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆ చూపుకి లైసెన్సు కావాలి నిజానికి.

"రివ్యూ రాస్తే ఎక్స్‌ట్రా బ్యాటరీ ఫ్రీ అన్నరు," అన్నాడు రఘు, నేల చూస్తూ. "పార్సిల్ రాకముందే రాసిన. అందరు ఏం రాసిన్రో చూసి, గట్లనే రాసి ట్రాన్స్‌లేట్ కొట్టిన."

దీన్నంతా వణికే జర్మన్‌లో నేనే చెప్పాలి. చెప్పాను. వాళ్ళు బీరువాలు చూశారు, మంచం కింద చూశారు, బేస్‌మెంట్ గది చూశారు. నేను మాత్రం కళ్ళ ముందు మా టెర్మిన్ ఎగిరిపోవడం చూస్తున్నాను. ఈ దేశంలో తుపాకీకి బిగించేందుకని చేసిన దీపం మాలాంటివాళ్ళ దగ్గర ఉండకూడదట. నిషిద్ధ వస్తువట! కత్తిపీటకి కూడా ఇంత భయపడలేదు నేను ఎప్పుడూ.

లైటు, క్లాంపు సంచిలో వేసుకుని ఆమె అంది: "మీరే అప్పగించారని రాస్తాను. దీనితో పెద్దగా ఏమీ కాకపోవచ్చు. బెదిరించారన్న సంగతి వేరు. మిమ్మల్ని చూసి ఫోను చేసిన హెర్ లోరెంజ్ ఏమంటారో చూడాలి." గుమ్మం దగ్గర ఆగి, "తన మీద తనే కంప్లైంట్ ఇచ్చుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు" అంది. పక్కన కుర్రాడు దగ్గు నటించాడు.

మర్నాడు వెలుతురుండగానే కేకు పట్టుకుని హెర్ లోరెంజ్ ఇంటికి వెళ్ళాను. మా అడవికి అవతలి కొసన, బస్సాగే రోడ్డు వైపు ఉంటాడు. తలుపు గొలుసు తియ్యకుండా, సందులోంచి చూశాడు. నా చేతిలో గొడుగు లేదని నిర్ధారించుకున్నాక తెరిచాడు.

"రాత్రంతా నిద్ర లేదు," అన్నాడు. "చీకట్లో ఎవరో నా వైపే వస్తున్నారంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు."

నాకు తెలియదట! నా నాలిక చివర ఒక పూర్తి సంపాదకీయం తయారైంది, ఉపశీర్షికలతో సహా. టెర్మిన్ గుర్తొచ్చింది. మింగేశాను. వీసా కోసం స్త్రీవాదాన్ని తాకట్టు పెట్టడం అదే మొదలు. "ఊహించగలను" అన్నాను వినయంగా.

ఆయన కేకు తిన్నాడు. కంప్లైంట్ ఏమీ ఇవ్వనన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో గొంతు సవరించుకున్నాడు. "కానీ కుక్కని సాయంత్రం తిప్పాలి కదా. ఆ బాటలో ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయంగా ఉంది. మీరు బస్సు దిగి వచ్చే వేళకి, మీకు అభ్యంతరం లేకపోతే..."

అభ్యంతరం ఎలా ఉంటుంది? టెర్మిన్ ముందు నాకు అభ్యంతరాలుంటాయా?

టెర్మిన్ నిన్న అయిపోయింది. కార్డు వచ్చేస్తుందన్నారు. ఈ దేశంలో ఇక శాశ్వతంగా ఉండొచ్చు. ఉండి చేస్తున్న పని ఏమిటంటే, రోజూ సాయంత్రం ఒక మగవాణ్ణి చెయ్యి పట్టి అడవి దాటించి, తిరిగి వెనక్కి తీసుకొచ్చి, ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేదాకా నిలబడి, ఆ తర్వాత ఆ చీకట్లో ఒక్కదాన్నే ఇంటికి పరిగెత్తుకొస్తున్నాను.