పొంగిన టీబల్ల

తిరుచ్చి దగ్గర తువాకుడిలో సవరిముత్తు వెల్డింగ్ షెడ్డుకి వెళ్ళినవాడెవడూ ఆ ఒక్క మాట వినకుండా తిరిగిరాడు: "కాస్త ఆగు." తొందరపడేవాడంటే ఇనుముకి గిట్టదని ఆయన నమ్మకం. చెప్పగా చెప్పగా ఊళ్ళో ఆయన పేరే 'ఆగు' సవరిముత్తు అయిపోయింది.

అంతటివాడూ పెళ్ళాం దగ్గర బోల్తా పడ్డాడు. లూర్దుమేరి బస్టాండు పక్కన టీకొట్టు పెడుతోంది. కొట్టుని దీవించడానికి చర్చి ఫాదర్ బయల్దేరారని కబురొచ్చింది. టీలు పెట్టాల్సిన ఇనుప బల్ల చూస్తే ఇంకా షెడ్డులోనే ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి "అవుతుందా, అవదా?" అని రంకెలేస్తుంటే, సవరిముత్తు పల్చటి రేకుని ఫ్రేము మీద పరిచి ఈ కొస నుంచి ఆ కొసకి ఏకబిగిన అతికించేశాడు.

వేడి మీద బల్ల బుద్ధిగానే ఉంది. కొట్టుకి చేర్చి, చల్లారాక నడుమ పొంగి పూరీ అయింది. ఫాదర్ దీవించి, బల్ల మీద చెయ్యి ఆనించి టీ అందుకోబోయారు. "టంగ్" మని రేకు లోపలికి పోయింది. ఉలిక్కిపడి చెయ్యి తీశారు. "టంగ్" మని పైకి లేచింది. టీ అంతా ఆయన తెల్ల అంగీ మీద.

"రేకు మంచిది కాదు" అన్నాడు సవరిముత్తు.

"ఊరందరికీ ఆగమని చెప్తావు, నీకెవరు చెప్పాలయ్యా?" అంది లూర్దుమేరి.

"నువ్వు నెత్తిన నిలబడితే..."

"ఓహో, రేకుని నేను వంచానా?"

తప్పెక్కడుందో సవరిముత్తుకి తెలుసు. మంట తగిలినచోట ఇనుము సాగబోతుంది, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము సాగనివ్వదు. చల్లారేటప్పుడు అతుకు ముడుచుకుని రేకుని తనవైపు లాగుతుంది. ఏకబిగిన అలా లాగితే రేకు పోయేదెక్కడికి? పొంగుతుంది.

మర్నాడు అతుకులు కోసేసి కొత్త రేకు పరిచాడు. అంచులు గట్టిగా బిగించి, ముందు అక్కడక్కడ చుక్కల్లా చిన్న అతుకులు పెట్టాడు. తర్వాత ఈ మూల కాస్త, ఎదుటి మూల కాస్త, మళ్ళీ నడుమ కాస్త అతికించాడు. ప్రతి ముక్కా చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే ఇంకోటి. ప్రతిసారీ చల్లారేదాకా కూర్చుని టీ అడిగాడు.

"ఇది వెల్డింగా, పెళ్ళివారి విడిదా?" అంటూ లూర్దుమేరి గ్లాసు విసిరినట్టు పెట్టింది.

పొద్దు వాలేసరికి బల్ల పలకలా కుదిరింది. ఆవిడ చేత్తో నిమిరి చూసింది. కొట్టులో దాని మీద మురుకుల డబ్బాలు సర్దుకుంది. టీకొచ్చిన కండక్టర్లతో, "దగ్గరుండి నేర్పితే చేశాడన్నా మా ఆయన" అంది.

పక్క బెంచీ మీద సవరిముత్తు అంతా విన్నాడు. కాదందామని నోరు తెరిచాడు. ఆవిడ వేడి వడ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. తిన్నాడు.