ముందు మీ చెయ్యి ఇటివ్వండి

మా బావగారు మణిశంకర్ దగ్గరికి వైద్యానికి వచ్చేది పిల్లలు. సూది మాత్రం ముందు వాళ్లని తీసుకొచ్చినవాళ్లకి పడుతుంది. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. మిగతా అన్నిట్లో దేవుడిలాంటి మనిషని మా అక్క కనకవల్లి అంటుంది. ఆ మాట కూడా చేతికి సూది ఉన్నప్పుడే అంటుంది.

పెనుగొండలో ఆయనకి ఆక్యుపంక్చర్ క్లినిక్కు ఉంది. సెరిబ్రల్ పాల్సీతో కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలకి వెంట్రుకంత సన్నటి సూదులు పెట్టి, చైనా పద్ధతిలో ఒళ్లు మర్దనా చేస్తారు. వచ్చినవాళ్లకి వరసగా చీటీలిచ్చే పని నాది. "మావాడు నడుస్తాడా అండి?" అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"అది నేను చెప్పలేనండి. ఫిజియోథెరపీ మాత్రం మానకండి. ముందు మీ చెయ్యి ఇటివ్వండి."

"నాకేం జబ్బు లేదండి."

"లేదని మీకెలా తెలుసండి?"

అంతే, సూది పడిపోతుంది. అది ఉన్నంతసేపూ కదలకూడదు. ఎవరో పిల్లాడి చెప్పులు ఆటోలో మర్చిపోతే ఇచ్చి పోదామని వచ్చిన ఆటో బుల్లియ్యని కూడా వదల్లేదు. పాపం, ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని అరగంట బొమ్మలా కూర్చున్నాడు. ఇప్పుడు ఎవరేది మర్చిపోయినా గుమ్మంలోంచే లోపలికి విసిరేసి పారిపోతాడు.

ఈ తమాషా అంటే ఆరేళ్ల హర్షకి ప్రాణం. ఎవరికి సూది పడినా కిలకిలా నవ్వుతాడు. అదే అదనని బావగారు వాడి కాళ్లకి మర్దనా మొదలెడతారు. వాడిని భీమవరం అవతల నుంచి వాళ్లమ్మ సుప్రజ చంకనేసుకుని తెచ్చేది. కూర్చోమంటే "పర్లేదండి" అని నిలబడే ఉండేది. సూది పడ్డాక మాత్రం కూర్చోక తప్పేది కాదు.

ఒకరోజు ఆవిడతోపాటు మామగారు అచ్యుతరామరాజుగారు కూడా దిగారు. రొయ్యల చెరువుల ఆసామి. ఈ గట్టు మీద మాట్లాడితే ఆ గట్టు మీద వినిపించే గొంతు.

"ఇవాళ్టితో ఆపేద్దామండి డాక్టరుగారూ. ఇన్నాళ్లు తిరిగినా వాడు లేచి నడిచింది లేదు."

"ఇక్కడికొచ్చిన రోజే వాడు కాళ్లు చాపుకుని పడుకుంటాడు మావయ్యగారూ," అంది సుప్రజ నెమ్మదిగా. రాజుగారు వినిపించుకోలేదు.

"అలాగే ఆపేద్దామండి," అన్నారు బావగారు. "ముందు మీ చెయ్యి ఇటివ్వండి."

"నాకెందుకండి?" అనేలోపే చేతులకీ పాదాలకీ సూదులు పడిపోయాయి. "తాతకీ!" అని హర్ష పడీపడీ నవ్వాడు. సరిగ్గా అప్పుడే రాజుగారి జేబులో ఫోను మోగింది.

"చెరువు దగ్గర్నించే అయ్యుంటుందండి. తియ్యొచ్చా?"

"కదలకూడదండి."

ఊరంతా హడలిపోయే మనిషి, మోగుతున్న తన జేబు వంక చూస్తూ ఉండిపోయారు.

పక్క కుర్చీలో సుప్రజకి పెట్టింది ఒకే ఒక్క సూది. కాసేపటికి ఆవిడ మెడ వాలిపోయింది. మామగారి ఎదుట ఏనాడూ కుర్చీలో కూర్చోని కోడలు, నోరు కాస్త తెరుచుకుని ఆదమరిచి నిద్రపోతోంది.

"మా కోడలికి ఒంట్లో బాలేదా అండి?" రాజుగారి గొంతు తగ్గింది.

"జబ్బేం లేదండి. ఉత్తినే కూర్చోమంటే కూర్చోదు, సూదికైతే కూర్చుంటుంది," అన్నారు బావగారు హర్ష పిక్కలు నిమురుతూ. "వాణ్ణి ఇంకొకళ్లు చూసుకునేది ఈ అరగంటే కదండి."

ఇన్నేళ్లూ నేను పిచ్చి అనుకున్నది ఇదన్నమాట. ఆ క్షణంలో బావగారి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

అరగంటయ్యాక ఆయన సూదులు తియ్యబోతే రాజుగారు వద్దని కళ్లతోనే సైగ చేశారు.

"కోడలిది ఇంకాసేపు ఉంచొచ్చా అండి?"

"ఉంచొచ్చండి. మీవి తీసేస్తాను."

"నావీ ఉంచండి. నేను లేస్తే ఈ కుర్చీ కిర్రుమంటుంది."

ఫోను మళ్లీ మోగింది. నేనే ఆయన జేబులోంచి తీసి ఆపేశాను.

మరుసటి వారం హర్షని భుజాన వేసుకుని రాజుగారొక్కరే వచ్చారు.

"సుప్రజ ఏదండి?" అన్నాను.

"పడుకుందండి. లేపలేదు."

వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, కుర్చీలో కూర్చుని, అడక్కముందే చెయ్యి చాపారు. సూది ఇంకా పెట్టనేలేదు, హర్ష నవ్వడం మొదలెట్టాడు.