బ్రేక్ నెయ్

కోల్‌కతా వచ్చిన మొదటి ఆదివారం, మోటారు బండ్లు రానివ్వని చెరువు పార్కులో చేతికందిన సైకిల్ అద్దెకు తీసుకున్నాను. గట్టెక్కి అవతలి వాలులోకి దిగగానే అద్దెకిచ్చినాయన వెనక నుంచి అరిచాడు: "దీదీ, బ్రేక్ నెయ్!"

"వెయ్" అంటున్నాడనుకుని రెండు బ్రేకులూ గట్టిగా నొక్కాను. సైకిల్ ఆగలేదు. కింద నల్లటి నీళ్లు దగ్గరికొచ్చేస్తున్నాయి. నాకు ఈత రాదు. "ఆగట్లేదు, ఆగట్లేదు!" అని తెలుగులోనే కేకలు పెట్టాను.

ఎదురుగా నడిచొస్తున్న పెద్దాయన హ్యాండిల్ ఒడిసిపట్టి ఆపాడు. లిలువా రైల్వే వర్క్‌షాపులో రిటైరైన తెలుగాయనట.

"ఏటమ్మా, 'నెయ్' అంటే నేదని! బ్రేకు నేదని మొత్తుకుంటన్నాడు ఆడు."

ఇప్పటికీ ఎవరైనా భయం లేదని ధైర్యం చెబుతూ "భొయ్ నెయ్" అంటే, నా వేళ్లు బ్రేకు కోసం తడుముకుంటాయి.