బీచుపల్లి రేవు దగ్గర మా గూడుబండి

మా మనవరాలూ దాని పెనిమిటీ ఒక వ్యాను కొని, అందులోనే పడకా పొయ్యీ అమర్చుకుని, సెలవు దొరికితే చాలు ఊళ్లు తిరుగుతున్నారు. మజిలీ చేసిన చోటల్లా తీసిన ఫోటోలు నా ఫోనుకు పంపిస్తారు. మొన్నటి ఫోటోలో వ్యాను కృష్ణ ఒడ్డున, బీచుపల్లి వంతెనకు దగ్గరగా ఆగి ఉంది. ఇంట్లో అందరూ బాగుందన్నారు గానీ, ఆ నీళ్లు చూడగానే నేను ఫోను బోర్లా పెట్టేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ప్రయాణమంటే గూడుబండే మన ఇల్లు. ఏటా ఎండాకాలంలో కోడేరు నుంచి గద్వాలలోని మా మేనత్త ఇంటికి, గడ్డి మీద జంపఖానా పరుచుకుని, జొన్నరొట్టెలూ పల్లికారమూ మూటగట్టుకుని మూడు రోజులు పోయేవాళ్లం. వనపర్తి దగ్గర చింతతోపులో ఆగినప్పుడు, దూరాన కోట బురుజులు కనిపించేలా అమ్మ నన్ను బండి మీద నిలబెట్టి పట్టుకునేది. పడతానన్న భయం అప్పుడు తెలియదు.

నాకు తొమ్మిదేళ్లున్న ఏడు, పెబ్బేరు దాటాక ఒక ఊరి ముందు బాటకు అడ్డంగా ముళ్లకంపలు వేసి ఉన్నాయి. దూరం నుంచే ఒక మనిషి కట్టె ఊపుతూ ఊళ్లో గత్తర పడ్డదని కేకవేశాడు. గత్తరంటే తెలుసుగా, కలరా; పొద్దున వాంతులూ విరేచనాలూ మొదలైతే పొద్దుగూకేసరికి మనిషి దక్కేవాడు కాదు. నాయిన మారుమాట లేకుండా బండిని చేలల్లోకి మళ్లించాడు. మధ్యాహ్నం దాహానికి ఆగలేక ఒక వాగు ఇసుకలో తోడిన చెలిమె నీళ్లు తాగాం. మరునాడు తెల్లవారక ముందే అమ్మకు వాంతులు మొదలయ్యాయి. ఎండ ఎక్కేసరికి కళ్లు లోపలికి పోయి, గొంతు పెగలక, నా వేళ్లు పట్టుకునే బలం కూడా లేకుండా అయింది.

గద్వాలలో మా మేనత్తకు తెలిసిన వైద్యుడున్నాడు; కానీ మధ్యలో కృష్ణ ఉంది. రేవు కనిపించగానే నాయిన బండి ఆపి, నా దిక్కు చూడకుండా, "ఎవరన్న అడిగితే అమ్మ పండుకున్నదని చెప్పు బిడ్డా. తెలిస్తే పుట్టి ఎక్కనియ్యరు" అన్నాడు. పగ్గాలు ముడివేసి, విప్పి, మళ్లీ ముడివేశాడు. నాయిన భయపడగా చూడటం నాకదే మొదలు, గత్తర కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పుట్టి అంటే తోలు బిగించిన పెద్ద గుండ్రటి బుట్ట. అప్పటికే అందులో పదిమంది కూర్చుని ఉన్నారు, ఒకామె ఒళ్లో చంటిపిల్ల. పుట్టి నడిపే ముసలాయన మా బండి తెర ఎత్తబోతూ, లోపల ఎవరని నన్నే అడిగాడు. నేను నాయినను చూశాను, ఆ చంటిపిల్లను చూశాను. "అమ్మకు వాంతులైతున్నయి" అనేశాను.

క్షణంలో పుట్టి ఖాళీ అయింది. ఒకతను రాయి కూడా అందుకున్నాడు. నాయిన బండికి అడ్డంగా నిలబడ్డాడు. ముసలాయన మాత్రం కదలలేదు. "పుట్టిని కడుక్కుంటే సాఫైతది పటేలా, పానం పోతే ఏడికెల్లి తెస్తవ్?" అని రాయి పట్టినవాడికి చెప్పి, గుడిసెలో నుంచి భార్య చేత ఉప్పు వేసిన గంజి తెప్పించి, చెంచాతో కొంచెం కొంచెం అమ్మ నోట్లో పోయించాడు. ఎడ్లనూ బండినీ ఆమెకు అప్పజెప్పి, అమ్మను తన రెండు చేతుల మీద ఎత్తుకుని పుట్టిలో పడుకోబెట్టాడు. నడి ఏట్లో పుట్టి గిరగిరా తిరుగుతుంటే నేను కళ్లు మూసుకుని అమ్మ ఊపిరి మీదే చెవిపెట్టి కూర్చున్నాను. అది ఆగిందనుకున్న ప్రతిసారీ చెవి ఇంకా దగ్గరగా ఆనించాను.

అవతలి ఒడ్డున అద్దెబండి కట్టించుకుని గద్వాల వైద్యుడి దగ్గరకు చేరాం. అమ్మ బతికింది. నాయిన నన్ను ఆ మాటకు ఏనాడూ కోప్పడలేదు. పదిహేను రోజులకు తిరిగి వచ్చేసరికి మా ఎడ్లు నిగనిగలాడుతున్నాయి, ముసలాయన మాత్రం లేడు. మమ్మల్ని దాటించిన నాలుగో నాడు గత్తరతోనే పోయాడట. నాయిన ఆయన భార్య కాళ్ల మీద పడబోతే ఆమె పక్కకు జరిగి, "ఎడ్లు నీళ్లు తాగినయి, తోలుకపోండ్రి" అన్నది. అంతే.

ఆ జబ్బు మా బండిలోనే దిగిందో, ఏరు వెంట వచ్చిందో నేటికీ తెలియదు. నేను దాచి ఉంటే ఆ చంటిపిల్ల ఏమయ్యేదో కూడా తెలియదు. ఇప్పుడు ఆ జబ్బుకు ఒక సెలైన్ సీసా చాలు. కృష్ణ దాటడానికి రెండు నిమిషాలు చాలు. వంతెన మీద పోయేవాళ్లను లోపల ఎవరున్నారని అడిగేవారే లేరు. మంచి కాలమే వచ్చింది, కాదనను. తెలిసి తెలిసీ మా అమ్మను చేతుల మీద ఎత్తుకున్న మనిషి పేరైనా ఆనాడు మేము అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ రేవే లేదు.