ప్రార్థన మనవిలో నా ఎర్రర్లు

ఆ రోజుల్లో, అంటే ఇనుప రాయి లారీలు బళ్లారిని పగలూ రాత్రీ తొక్కేస్తున్న రోజుల్లో, తెల్లచొక్కా వేసుకునే ధైర్యం మా పేటలో ఇద్దరికే ఉండేది: మా చర్చి అయ్యగారికి, కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు. (సాయంత్రానికి నాది ఇటుక రంగుకు తిరిగేది.) ఊరి బయట లారీల కాటా ఆఫీసులో నేను కంప్యూటర్ మనిషిని. లారీ కాటా ఎక్కగానే తూకం దానంతటదే తెర మీద పడేట్టు ప్రోగ్రాం రాస్తానని గొప్పలు పోయాను. కాటా యజమాని, మా సావుకారు, నమ్మాడు. "సోమవారానికి తూకం తెర మీద పడల్లప్పా. పడలేదంటే ఇంగొకన్ని చూసుకుంటా, బేజారు చేసుకోవద్దు" అన్నాడు, ప్రేమగానే.

కాటాతో మాట్లాడే కోడ్ ఎవరో ముందే రాసిపెట్టారు. దాన్నే లైబ్రరీ అంటారు. సీడీలో తెచ్చి ఎక్కించాను. రాసిన కోడ్‌ను మిషన్‌కు అర్థమయ్యేట్టు మార్చే కంపైలర్ ఒకే ఒక్క ఎర్రర్ చూపించింది: ఏదో ఫైలు కనపడలేదట. అది ఏ ఫోల్డర్‌లో ఉందో చూపించాను. అంతే, తెర నిండా ఎర్రర్లు! ఇంట్లో అన్నం ముందర దిగాలుగా కూర్చుంటే అమ్మ నిలదీసింది, చెప్పేశాను. మరునాడే చర్చి స్త్రీల కూటంలో ప్రార్థన మనవి పెట్టింది: "మా పిల్లోనికి ఎర్రర్లు వచ్చినాయి. పోకపోతే ఉద్యోగం పోతాది."

ఇక బజారులో తలెత్తుకోలేకపోయాను, ఎదురైన చర్చివాళ్లంతా పరామర్శే. "ఇప్పుడెట్లుండాదప్పా?" "ఎక్కువైనాయా? తగ్గే ముందర అట్లనే అయితాదిలే." ఒక పెద్దమ్మ (బంధువు కాదు, చర్చిలో అందరికీ పెద్దమ్మే) నా నుదురు పట్టి చూసి, "యాడ నొప్పి నాయనా?" అంది. నాకు ఒళ్లు మండింది.

శనివారం గుట్టు తెలిసింది. సీడీలో తయారుగా ఉన్న లైబ్రరీ పాత కంపైలర్‌తో తయారుచేసింది, మాదానికి పొసగదు. అసలు కోడ్ కూడా సీడీలోనే ఉంటే, దాన్ని మా కంపైలర్‌తో మొదటి నుంచి తయారు చేసుకున్నాను. వార్నింగులు, అంటే పని ఆపని హెచ్చరికలు, కొన్ని మాత్రం మిగిలాయి. లారీ ఎక్కింది, తూకం పడింది. "ఈడనే ఉండప్పా నువ్వు" అన్నాడు సావుకారు. బిగువు కొద్దీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం చర్చిలో, అమ్మ చెవిన వేసిందేమో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. లేచి, "ఎర్రర్లు పోయినాయి, వార్నింగులు మాత్రం ఉండాయి" అన్నాను నిజాయితీగా. "అవి అందరికీ ఉంటాయిలేప్పా, మనమే పట్టించుకోం" అన్నారాయన. చర్చంతా నవ్వింది. పెద్దమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా ఉద్యోగం కోసం నిన్నటి నుంచి ఉపవాస ప్రార్థనలో పస్తు ఉందట, ఎర్రరంటే ఏమిటో తెలియకుండానే. బయటికొచ్చాక పాత కంపైలర్ సంగతి ఆమెకు వివరించబోయాను. "అది ఉండనీ నాయనా, ఆకలైతాంది, పా" అని వాళ్లింటికి లాక్కుపోయింది.

తర్వాత నేను రాసిన ప్రోగ్రాములు చాలా పనిచేశాయి. నా ప్రోగ్రాం పనిచేసిందని ఒక మనిషి కడుపునిండా అన్నం తినడం మాత్రం మళ్లీ చూడలేదు.