ఒంటె తాగిన నీళ్ళు

నా చిన్నప్పుడు, తొంభైలలో, మేము దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేలలో నీళ్ళెక్కడున్నాయో వెతికే కంపెనీలో మా నాన్న పెద్ద ఉద్యోగి. ఎక్కడో వాన పడని ఎత్తైన కొండల మీద గనికి నీళ్ళు కావాలంటే నాన్న వెళ్ళి చోటు చూపేవాడు. అక్కడ బోరు వేసేది, మేము మామయ్య అని పిలిచే కరీంనగర్ మనిషి.

అలాంటి పని ముగించుకుని ఇద్దరూ తిరిగొచ్చిన వారం, మామయ్య శుక్రవారం భోజనానికి వచ్చాడు. బోరు ఎలా వేస్తారో చూపించమని వెంటపడ్డాను. ఆయన కిందికి వెళ్ళి, పక్కన కడుతున్న భవనం దగ్గర ఇసుక అడిగి తెచ్చి, బట్టలు నానబెట్టే టబ్బులో నింపి నీళ్ళు పోశాడు. ఒక పక్క నాకు లోతైన గుంట, ఇంకో పక్క చెల్లికి చిన్న చెలమ తవ్వాడు.

"నువ్వు గని. నీ బకెట్ నిండాలె. బిడ్డది గొర్లు కాసేటోళ్ళ ఊట. యల్లా, కానియ్యిన్రి."

చెల్లి తన ప్లాస్టిక్ ఒంటెను చెలమలో నిలబెట్టింది. నేను గ్లాసుతో తోడాను. సగం బకెట్ అయ్యేసరికి ఆమె వైపు తడి ఇసుకే మిగిలింది.

"అన్నయ్యా, నా నీళ్ళేవి?"

నా గుంటలోకే పోయాయని నాకు తెలుసు. "నీ ఒంటె తాగేసింది," అన్నాను.

అమ్మా నాన్నా నవ్వారు. చెల్లి ఏడుస్తూ ఒంటెను కొట్టింది. మామయ్య నవ్వలేదు.

"ఆడ కొండల మీద గూడ రిపోర్టుల గట్లనే రాసిన్రు బిడ్డా. ఊట ఎండితే, గొర్లు ఎక్కువైనయని రాసిన్రు."

అమ్మ చప్పున నాన్న వైపు చూసింది. రాసింది నాన్నే అని నాకప్పుడు అర్థమైంది.

"పప్పు చల్లారిపోతోంది, తినవయ్యా," అన్నాడు నాన్న తలెత్తకుండా.

"కడుపు నిండింది సారూ," అని మామయ్య లేచి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

పెద్దయ్యాక నేనూ నాన్న పనిలోకే వెళ్ళాను. అలాంటి కొండల్లోనే, నేను చూపిన చోట వేసిన బోరు వల్ల, దిగువనున్న ఒక ఊట ఎండిపోయింది. ఒక ముసలమ్మ ఖాళీ డబ్బా నా కాళ్ళ దగ్గర పెట్టి నిలబడింది. మేకలు పెరిగినందువల్ల అని నివేదికలో రాశాను. ఒక్కసారి కూడా ఆగకుండా రాసి సంతకం పెట్టాను. నా మీద నాకు అసహ్యం అందుకే.

ఇప్పటికీ కుళాయి తిప్పితే కనిపించేది, ఏ పాపమూ ఎరగని ఒంటెను కొడుతున్న మా చెల్లి చెయ్యి. ఆ రోజు నిజం చెప్పి ఆ చేతిని ఆపగలిగేవాణ్ణి. చెప్పకుండా, నా బకెట్‌లోకి ఇంకో గ్లాసు తోడుకున్నాను.